వెనకెక్కడో ఒక కూత

నేను ఒక పాత కారును. మూడు వరుసల సీట్లు, పైకి లేచే డిక్కీ తలుపు, ఒకప్పుడు తెలుపని చెప్పుకోదగ్గ రంగు. ఇప్పుడు మార్టూరు దగ్గర పాత బళ్ళు విప్పి అమ్మే దొడ్లో, చక్రాలు లేకుండా ఇటుకల మీద కూర్చుని ఉన్నాను. వచ్చినవాళ్ళు నా రేకు మీద వేలితో కొట్టి చూస్తారు, తలుపు లాగి చూస్తారు, తమకు కావలసిన ముక్క పట్టుకుపోతారు. నా సంగతి ఎవరూ అడగరు. అడక్కపోయినా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇది నా ఒక్కదాని సంగతి కాదు.

సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీలో పుట్టాను. బయటికి పంపే ముందు తెల్లకోటు మనిషి ఒకడు నాలో కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడా చప్పుడు లేదని కాగితం మీద టిక్కు పెట్టాడు. నోరెత్తకపోతే చాలు, యంత్రం మంచిదని మనుషుల నమ్మకం. మొదట నన్ను కొన్నది ఒంగోలు పొగాకు వ్యాపారి. నాలో ఎక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా ఫోన్లో అరుస్తూనే ఉండేవాడు. ఆ తరవాత చీమకుర్తి రాళ్ళ క్వారీలో సూపర్‌వైజరు ఒకాయన. ఆయనకు పాటల పిచ్చి. అద్దాలు అదిరేలా పాటలు పెట్టుకుని తిరిగేవాడు. ఆ ఇద్దరి దగ్గరా తొమ్మిదేళ్ళు గడిచాయి. నా స్ప్రింగులు మూలిగినా, తలుపులు కిర్రుమన్నా విన్న నాథుడు లేడు. మూడోసారి మాత్రం వినడమే బతుకుగా ఉన్న మనిషి చేతిలో పడ్డాను.

ఆయన పేరు మీరావలి. పర్చూరులో సన్నాయి విద్వాంసుడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరిందంటే పురోహితుడికి కబురెళ్ళిన రోజునే సాయిబు గారి మేళానికీ కబురెళ్ళేది. తాతల నాటి విద్య. పన్నెండేళ్ళకే కచేరీలో కూర్చున్నాడు, నేను చేరేనాటికి యాభై ఆరేళ్ళు. సన్నగా, పొడుగ్గా, తెల్ల లాల్చీలో ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల పక్కకి వాల్చి వినేవాడు. మాటలతో పాటు గొంతు ఏ స్థాయిలో ఉందో కూడా వింటున్నాడని తెలియక చాలామంది అది వినయమనుకునేవాళ్ళు.

నన్ను కొనడానికి వచ్చిన రోజున ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు. నాలుగు తలుపులూ ఒక్కొక్కటే వేసి చూశాడు. "మూడో తలుపు బొంగురుగా ఉంది, మిగతావి బానే ఉండాయి" అన్నాడు. అమ్మినవాడు నవ్వాడు. నాకు మాత్రం మొదటిసారి ఎవరో నన్ను పలకరించినట్టయింది.

మేళంలో నలుగురు. మీరావలి పక్కన రెండో సన్నాయి ఆయన కూతురు గౌసియా. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఆడపిల్లకి సన్నాయి ఏమిటన్న బంధువులకు మీరావలి జవాబు చెప్పలేదు, ఒక పెళ్ళిలో ఆమె చేత కల్యాణి వాయింపించి ఊరుకున్నాడు. డోలు ఏడుకొండలు. నన్ను నడిపేదీ ఆయనే. మీరావలిని అన్నా అంటాడు, గౌసియాకు బాబాయి. తాళం వేసే ముసలాయన కోటయ్య. డోలు డిక్కీలో, తాళాలు కోటయ్య సంచిలో, సన్నాయిలు మాత్రం గుడ్డ ఒరల్లో తండ్రీకూతుళ్ళ ఒళ్ళో ప్రయాణం చేసేవి. మూడేళ్ళు అలా తిరిగాం. పందిరి పక్కన నిలబడి మేళం వింటూ ఉంటే నేను కూడా ఏదో శుభకార్యానికి పుట్టానేమో అనిపించేది.

నాలుగో ఏడు శ్రావణంలో అద్దంకి దగ్గర ఒక పెళ్ళికి పోతున్నాం. పైన వానలు పడి వాగు పొంగి చప్టా మీదుగా పారుతోంది. ముహూర్తం ముంచుకొస్తోంది. ఏడుకొండలు దిగి పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి నడిచి చూసి, పర్వాలేదని నన్ను దించాడు. నీళ్ళు నా పొట్ట దాకా వచ్చాయి. దాటాం. పెళ్ళి జరిగింది, పొట్టేలు కూర బాగుందని కోటయ్య నాలుగు రోజులు చెప్పుకున్నాడు. ఆ నీళ్ళు నా వెనక ఎడమ చక్రం బేరింగులోకి దిగి, గ్రీజును కొంచెం కొంచెం కడిగేశాయని తెలిసింది నాకొక్కదానికే.

పది రోజులకు మొదలైంది. చక్రం వేగంగా తిరిగినప్పుడు ఒక సన్నని కూత. నాలో కూర్చున్నవాళ్ళకు వినపడేటంతది కాదు, దోమ రెక్క మోత కంటే తక్కువ. మీరావలి రెండో వరుసలో కూర్చుని ఉన్నాడు. తల పక్కకి వాల్చాడు. కాసేపటికి ఏడుకొండల్ని బండి ఆపమన్నాడు.

"వెనక ఏందో కూస్తంది" అన్నాడు.

ఏడుకొండలు దిగి చుట్టూ తిరిగి చూసి, టైరును కాలితో తన్ని, ఏమీ లేదన్నాడు. కోటయ్యకూ వినపళ్ళేదు. గౌసియాను అడిగితే, లేదు నాయనా అంది. ఆమె చెవి కూడా చురుకైనదే, కానీ ఆ రోజు ముందు సీట్లో ఉంది, ఇంజను మోత పక్కనే. మళ్ళీ బయల్దేరాం. దారి పొడుగునా మీరావలి నోటితో సన్నగా ఆ స్వరం పట్టుకునే ప్రయత్నం చేస్తూనే ఉన్నాడు. పై షడ్జానికి వెంట్రుకవాసి దిగువన ఉందని కూతురికి చెప్పాడు.

అక్కణ్ణుంచి వెతుకులాట మొదలైంది. మొదట డిక్కీలో సామాను దించి జాకీకి గోనెసంచి చుట్టారు. నంబరు ప్లేటు స్క్రూలు బిగించారు. సైలెన్సరుకు తీగ కట్టారు. పర్చూరు మెకానిక్కు వెనక స్ప్రింగుల దగ్గరి రబ్బర్లు మార్చాడు. ఇంకొల్లులో ఇంకొకాయన నన్ను బజారంతా తిప్పి, బండికి వయసొచ్చింది సాయిబూ, మనకి మాత్రం కీళ్ళు చప్పుడు కావా అన్నాడు. చెప్పులోని రాయీ చెవిలోని జోరీగా అంటారు చూడండి, అలాగైంది ఆయన పరిస్థితి. బండి ఎక్కితే చాలు, మాట పడిపోయేది. కిటికీ మూసేవాడు, తెరిచేవాడు. ఒకసారి చివరి సీటు మడిచి, డోలు పక్కన ఒత్తిగిలి పడుకుని చెవి నేలకి ఆనించి పది మైళ్ళు వచ్చాడు. అంత పెద్ద విద్వాంసుడు అలా పడుకుని రావడం చూసి ఏడుకొండలు గతుకుల్లో కన్నతల్లి పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు నన్ను నడిపాడు.

ఇంకొక సంగతి. ఇల్లు చేరాక కూడా చెవిలో బండి కూత మిగిలిపోయిందని ఆయన భార్య హుసేన్‌బీతో అనేవాడు. దూరప్రయాణం చేసొస్తే మంచం కూడా ఊగినట్టుంటుంది గదా, ఇదీ అంతేనని ఆమె అనేది. అదీ ఇదీ విప్పి చూసిన మెకానిక్కులంతా నన్ను పరిగెత్తించి విన్నారే గాని, ఇంజను ఆపి, కదలకుండా కూర్చుని విందామని ఒక్కరూ అనలేదు. ఎవరికైనా తోచినా ఆయన సాగనివ్వలేదు. ఇంజను ఆగిన మరుక్షణం తలుపు తీసుకుని దిగి, ఎవరితోనో ఒకరితో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టేవాడు. మనిషి దేనికి భయపడుతున్నాడో తెలుసుకోవాలంటే అతను దేన్ని పరీక్షించడో చూస్తే చాలు.

ఈలోగా ఒక పెళ్ళిలో గౌసియా ఉలిక్కిపడి తండ్రి వైపు చూడటం నేను చూశాను. ఆలాపన ఎత్తుకున్న మీరావలి షడ్జం మీద నిలబడ్డాడు. అది శ్రుతిపెట్టె షడ్జం కాదు, వెంట్రుకవాసి దిగువ. రెండు మూడు క్షణాల్లో సర్దుకున్నాడు. పెళ్ళివారెవరికీ తెలియలేదు. కూతురికి తెలిసింది. డోలు మీద చెయ్యి ఒక్క దెబ్బ ఆలస్యమైంది గనక ఏడుకొండలుకూ తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ వారంలోనే మీరావలి కొత్త లాల్చీ గుడ్డ కొనాలని చెప్పి ఏడుకొండల చేత నన్ను ఒంగోలు నడిపించుకెళ్ళాడు. ఏడుకొండల్ని టీ తాగి రమ్మని పంపి, చెవి, ముక్కు, గొంతు అని బోర్డున్న మేడ మెట్లెక్కాడు. రెండు గంటలైంది. వచ్చేటప్పటికి చేతిలో నాలుగు మడతల కాగితం. చుట్టూ చూసి, డిక్కీ తెరిచి, కింది చెక్క ఎత్తి, స్టెప్నీ కింద ఆ కాగితాన్ని దూర్చాడు. తరవాత వెనక సీట్లో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక మాట అన్నాడు. వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

"యా అల్లా, ఇది బండిదే కావాల."

యంత్రం చెడిపోవాలని కోరుకున్న యజమాని నాకు ఆయనొక్కడే. కోప్పడాలో జాలిపడాలో తెలియలేదు. నాదే, నా చక్రందే అని అరిచి చెప్పాలనిపించింది. అరవగలిగిందల్లా ఆ కూతే, అది ఆయనకి ముందే వినపడుతోంది.

ఇరవై రోజులు గడిచాయి. ఒక శుక్రవారం మీరావలి నమాజుకు వెళ్ళిన వేళ, ఈ చప్పుడు సంగతేమిటో తనే తేలుద్దామని గౌసియా కొంగు బిగించింది. సీట్ల కింద వెతికింది. డిక్కీలో చాపతో సహా అన్నీ బయట పెట్టింది. చెక్క ఎత్తి స్టెప్నీ కదిపింది. కాగితం దొరికింది.

అదేదో పాత రసీదనుకుని విప్పింది. గీతల పటం, ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ కొండ దిగినట్టు దిగిపోయే గీత ఒకటి. కింద డాక్టరు రాసింది తనకి తాను వినిపించుకోవాలన్నట్టు పెదాలు కదిపి చదివింది. రెండు చెవుల్లోనూ పై స్వరాలు వినే శక్తి బాగా తగ్గింది. చెవిలో కూత దానివల్లనే, అది పోకపోవచ్చు. పెద్ద శబ్దాలకు దూరంగా ఉండాలి. డోలు, సన్నాయి మానకపోతే మిగిలిందీ పోతుంది.

ఆమె నా డిక్కీ అంచు మీద కూర్చుండిపోయింది. కాగితం మళ్ళీ అదే మడతల్లో మడిచి, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టింది. సామాను ఒక్కొక్కటే సర్దుతుండగా మీరావలి వచ్చాడు. టోపీ ఇంకా తల మీదే ఉంది. డిక్కీ తెరిచి ఉండటం చూసి ఆయన అడుగు తడబడింది. ఏమన్నా దొరికిందా అని అడిగాడు. గొంతు తేలిగ్గా ఉంచడానికి చాలా కష్టపడ్డాడు.

"దొరకలా నాయనా" అంది. తరవాత జాకీ వైపు చూస్తూ అంది: "కానీ నిన్న చీరాల నుంచి వచ్చేటప్పుడు నాక్కూడా వినపడింది. వెనకనించే. నువ్వు చెప్పినట్టే, పై షడ్జానికి దిగువన."

నిన్న చీరాల నుంచి వచ్చేటప్పుడు ఆ పిల్ల కిటికీకి తల ఆనించి పర్చూరు పొలిమేర దాకా నిద్రపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. మీరావలికి మాత్రం ఆ మాట పోయిన ప్రాణం తెచ్చింది. నిజమా అన్నాడు, మళ్ళీ చెప్పమన్నాడు, ఎక్కడ మొదలైంది, ఎంత సేపు ఉంది అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె ప్రతి ప్రశ్నకీ కొత్త అబద్ధం అల్లింది. ఆ అబద్ధాలన్నీ నిజాలే కావడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని హుసేన్‌బీ వాకిట్లో ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

మర్నాడే నన్ను చీరాల తీసుకెళ్ళారు. అక్కడ ఇమ్మానియేలు అని ఒక మేస్త్రి ఉన్నాడు. డెబ్బై దాటినవాడు, పెద్ద బళ్ళ పని కూడా చేసినవాడు. ఎవరికీ దొరకని జబ్బు ఆయనకు దొరుకుతుందని పేరు. మీరావలి చెప్పిందంతా మేస్త్రి ఆయన పెదాల వైపు చూస్తూ విన్నాడు. కూత ఏ స్వరంలో ఉందో పాడి వినిపించాడు మీరావలి. మేస్త్రి మొహంలో ఏ కదలికా లేదు.

"నాకు చెవులు పోయి పదేళ్ళయింది సాయిబూ" అన్నాడు. "రేకుల మీద సుత్తి మోతలు విని విని పొయినయ్. ఇప్పుడు చేత్తోనే వింటా."

మీరావలి ఆ మాటకు ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. గౌసియా నేల చూపులు చూసింది.

మేస్త్రి నా వెనక భాగాన్ని జాకీ మీద లేపించాడు. కుడి చక్రం చేత్తో గిర్రున తిప్పి, దాని పైనున్న స్ప్రింగు చుట్టను నాలుగు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు, నాడి చూసే వైద్యుడిలాగా. వదిలేశాడు. ఎడమ చక్రం తిప్పాడు. స్ప్రింగు పట్టుకున్నాడు. ఈసారి వదల్లేదు. మళ్ళీ తిప్పమన్నాడు. పొడుగు స్క్రూడ్రైవరు తెప్పించి, మొన చక్రం వెనక ఇనుముకు ఆనించి, పిడి గౌసియా చెవికి పెట్టుకోమన్నాడు.

"నీ లేత చెవులు గదమ్మా, నువ్వు చెప్పు."

ఆమె చెవి ఆనించింది. ఏడుకొండలు చక్రం తిప్పాడు. ఆమె మొహం పాలిపోయింది.

"కూస్తంది" అంది. "నిజంగానే కూస్తంది నాయనా."

ఆ 'నిజంగానే' అన్న మాట మీరావలి పట్టించుకోలేదు. తనూ స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని, విని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. కోటయ్య లేని లోటు తీర్చడానికన్నట్టు మేస్త్రి భుజం మీద తాళం వేశాడు. నా చెవి బానే ఉందిరా ఏడుకొండలూ, నేను చెప్పలా అని రెండుసార్లు అన్నాడు. చక్రం ఊడదీశారు. బేరింగు చేతిలోకి తీసుకుని మేస్త్రి అందరికీ చూపించాడు. లోపలి గుండ్లు నీలిరంగుకి తిరిగాయి, వాటిని పట్టి ఉంచే కట్టు రెండుచోట్ల విరిగింది.

"ఇంకో రెండు పెళ్ళిళ్ళకి తిప్పుంటే చక్రం దాని దారిన అది పోయేది" అన్నాడు. "ఇందులో నలుగురు తిరుగుతున్నారంటిరి గదా."

ఏడుకొండలు రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. ఒక మనిషి పిచ్చి పట్టినట్టు వెంటపడకపోతే ఏం జరిగేదో అందరికీ ఒక్కసారే తట్టింది. గౌసియా వచ్చి తండ్రి భుజానికి ఆనుకుని నిలబడింది. ఆమె కళ్ళలో ఒక ఆశ మొలవడం చూశాను. కూత నిజమైతే కాగితం అబద్ధం కావచ్చు గదా. డాక్టర్లు పొరబడరా?

కొత్త బేరింగు వేశారు. ఎండ ఇంకా ఉండగానే బయల్దేరాం. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వెనక రెండు చక్రాలూ నీళ్ళ మీద జారినట్టు తిరుగుతున్నాయి. ఏడుకొండలు ఈలపాట అందుకున్నాడు. మీరావలి కాసేపు ఉత్సాహంగా మాట్లాడాడు, తన చిన్నప్పుడు గురువు నీళ్ళబిందెల చప్పుడు వినిపించి స్వరాలు చెప్పమన్న సంగతి చెప్పాడు. తరవాత మాటలు పలచబడ్డాయి. తరవాత ఆగిపోయాయి. చీరాల దాటి ఐదారు మైళ్ళు వచ్చాక తల పక్కకి వాల్చాడు.

ఏడుకొండలు అద్దంలో చూశాడు, ఈల ఆపేశాడు.

"బండి ఆపు" అన్నాడు మీరావలి. ఆగాను. "ఇంజను కూడా ఆపు."

రోడ్డుకు రెండు పక్కలా మిరపచేలు. గాలి లేదు. దూరాన ఎక్కడా మోటారు కూడా ఆడటం లేదు. నేను నా ఒంట్లోని ప్రతి ముక్కనీ బిగబట్టి విన్నాను. ఇంజను చల్లారుతూ రెండుసార్లు టక్కుమంది. ఆ తరవాత అదీ లేదు. నాలో చప్పుడన్నదే లేదు. మీరావలి అలాగే కూర్చున్నాడు. ఈసారి దిగలేదు, ఎవరితోనూ మాటలు కలపలేదు. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన పరీక్షకు తనే వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, "ఏమన్నా వినపడతా ఉందా?"

గౌసియా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. ఇంకో అబద్ధం ఆమె నోటి దాకా వచ్చిందని నాకు తెలుసు. ఒక్క మాట చాలు, మళ్ళీ చీరాల వెళ్ళి, మళ్ళీ జాకీ ఎక్కించి, ఇంకో నెల గడపవచ్చు.

"లేదు నాయనా. ఏమీ లేదు."

"మొన్న?"

"మొన్న కూడా వినపళ్ళా. అబద్ధం చెప్పా."

ఆయన తల ఊపాడు. "కాయితం చూశావా."

"చూశా."

ఏడుకొండలు దిగి పొలం గట్టు దాకా నడిచి, అటు తిరిగి నిలబడ్డాడు. కూత స్వరం పోల్చుకోవడానికని వెంట తెచ్చుకున్న సన్నాయి ఒరను మీరావలి ఒళ్ళో నిమిరాడు.

"బండి కూసింది నిజం" అన్నాడు. "నాలోనూ కూస్తంది. బండి వేగం అందుకుంటే రెండూ ఒక స్వరం మీదికి వచ్చేవి. ఏది యాడనించి వస్తందో తెలవలా. తెలవనన్ని రోజులే బాగుండె."

అంతటితో కథ అయిపోతే బాగుండేది. కానీ మనుషులు నిజం ఒప్పుకున్నంత తేలిగ్గా దాని ప్రకారం నడుచుకోరు. నాలుగు రోజుల్లో ఇంకొల్లులో పెళ్ళి. తను వాయిస్తానని ఆయన పట్టు. వాయించకూడదని డాక్టరు రాశాడు గదా, నువ్వు సన్నాయి పట్టుకుంటే నేను రానని గౌసియా పట్టు. మూడు రోజులు ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. హుసేన్‌బీ వాకిట్లో కూర్చుని నా వైపు చూసి నిట్టూర్చేది, దీనంతటికీ నేనే కారణమన్నట్టు. నలభై ఏడేళ్ళు ఊదినవాణ్ణి, ఊరికే కూర్చోమంటే ఏమైపోతానని ఆయన ఆమెతో అన్న మాట అరుగు మీంచి వినపడింది. చివరికి కూతురే మెత్తబడింది. ఆయన ఒక్కడూ అక్కడ కూర్చోవడం ఆమె ఊహకందలేదు.

ఇంకొల్లులో పందిరికి ఆనించి, మేళం గద్దె పక్కనే నన్ను నిలబెట్టారు. నా డిక్కీ తలుపు ఇంకా తెరిచే ఉంది. మీరావలి కూర్చున్నాడు, పక్కన గౌసియా, వెనక ఏడుకొండలు, కోటయ్య. శ్రుతి పెట్టారు. ఆయన సన్నాయి ఎత్తి షడ్జం అందుకున్నాడు. వెంట్రుకవాసి దిగువ. సర్దుకుంటాడని అందరం చూశాం. సర్దుకోలేదు. తన లోపలి కూతకు కట్టుబడిపోయి, అదే శ్రుతి అనుకుని అక్కడే నిలబడి ఆలాపన మొదలుపెట్టాడు. ముందు వరుసలో సంగీతం తెలిసిన పెద్దాయన ఒకడు విసనకర్ర ఊపడం ఆపాడు.

అప్పుడు గౌసియా తన సన్నాయి ఎత్తింది. శ్రుతిపెట్టెను వదిలేసి తండ్రి స్వరానికి దిగింది. రెండు సన్నాయిలూ ఒకటే తప్పు మీద కలిసి నిలబడ్డాయి. వినేవాళ్ళకు తప్పు శ్రుతిపెట్టెది అనిపించేటంత బాగా కలిశాయి. ఇద్దరూ కలిసి తప్పు వాయిస్తే ఒక్కడి పరువు దక్కుతుందని ఆ పిల్ల లెక్క.

మీరావలికి అది వినపడలేదు. కనపడింది. స్వరం దించడానికి ఆమె పెదాల మధ్య రెల్లుపీకను వదులు చేయడం ఓరకంట చూశాడు. ఆ కిటుకు ఆమెకు నేర్పింది ఆయనే. వాయిస్తున్నవాడల్లా ఆగాడు. సన్నాయి పెదాల మీంచి తీశాడు. ఆమె కూడా ఆగిపోయింది.

"నా కోసం శ్రుతి దించబాక" అన్నాడు మెల్లిగా. "ఎవురి కోసమూ దించబాక."

ఆయన తన సన్నాయిని ఒరలో పెట్టి, ముడి వేసి, పక్కన పెట్టాడు. లేచి వెనక్కి వెళ్ళి కోటయ్య ముందు చెయ్యి చాపాడు. ముసలాయనకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళు తుడుచుకుని తాళాలు ఆ చేతిలో పెట్టి జరిగి చోటిచ్చాడు. పెళ్ళివారిలో కొందరు గుసగుసలాడుకున్నారు, సాయిబు గారికి నలతగా ఉందేమోనన్నారు. గౌసియా వెనక్కి తిరిగి చూడబోయింది. ఏడుకొండలు తల అడ్డంగా ఊపి, ముందుకు చూడమని సైగ చేశాడు. ఆమె శ్రుతి విని, ఊపిరి తీసుకుని, షడ్జం అందుకుంది. ఈసారి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మీరావలి తాళాలకు గుడ్డపేలిక చుట్టుకుని, తన చెవులకు దూరంగా పట్టుకుని, కూతురి వీపు వైపు చూస్తూ తాళం వేశాడు. తాళం ఒక్కచోట కూడా తప్పలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, రెండు చేతులూ పనిలో ఉన్నాయి గదా.

ఆ తరవాత ఆరేళ్ళు నేను ఆ ఇంట్లో ఉన్నాను. కోటయ్య ఆ ఏడాది చివర్లో మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేశాడు. మేళం బోర్డు మీద గౌసియా పేరు పైకి ఎక్కింది. మీరావలి కొన్నాళ్ళు తాళం వేశాడు, డోలు పక్కన కూర్చోవడం కూడా మంచిది కాదని డాక్టరు గట్టిగా చెప్పాక అదీ మానేశాడు. కానీ మేళం ఎక్కడికి వెళితే అక్కడికి వచ్చేవాడు. పందిరికి దూరంగా చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చెవిలో కూత పోలేదు. ఇల్లు సద్దుమణిగితే అది పెరిగేదట, కన్ను మూతపడేది కాదట. ఆ సంగతి ఆయన గౌసియాకు చెప్పలేదు, ఏడుకొండలుకు చెప్పాడు. నడిచే బండిలో మాత్రం చక్రాల మోత, ఇంజను మోత, గాలి మోత అన్నీ కలిసి ఆ కూతను ముంచేసేవి. పర్చూరు దాటీ దాటకముందే వెనక సీట్లో ఒరిగి నిద్రపోయేవాడు. అది తెలిశాక ఏడుకొండలు దగ్గర దారులు మానేసి చుట్టు దారుల్లో తిప్పి తీసుకొచ్చేవాడు. గౌసియా ఎందుకని అడిగితే రోడ్డు బాగాలేదని చెప్పేవాడు. రెండోసారి ఆమె అడగలేదు.

నా కింది రేకులు తుప్పుతిని, ఇక తిప్పడానికి అనుమతి లేదని కాగితం వచ్చిన రోజున నన్ను ఈ దొడ్లో అప్పగించారు. కొత్త బండి కొన్నారు. ఏసీ ఉంది, అద్దాలు మూస్తే లోపల చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దమని అమ్మినవాడు గొప్పగా చెప్పాడట.

ఆ నిశ్శబ్దంలో మీరావలికి నిద్ర పడుతోందో లేదో నాకు తెలియదు.